ఉప్పు లెక్క తీసిన లాఫాండ్ గారు

ప్రత్యేక సంచికకు ఒక పెద్దమనిషి జీవితం రాసి ఇమ్మని మన కార్యదర్శిగారు కోరారు. నేను ఎంచుకున్నది ఒక అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుణ్ణి. ముదిగొండలో కూర్చున్నవాడికి సముద్రంతో ఏం పని అని మిత్రులు నవ్వవచ్చు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మం ఇళ్లలోకి వచ్చింది గదా, ఆ వానలు తెచ్చింది కళింగపట్నం దగ్గర తీరం దాటిన బంగాళాఖాతపు వాయుగుండమే.

యూజీన్ లాఫాండ్ గారు 1909లో జన్మించారు. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్ర శాస్త్ర సంస్థలోను, తరువాత శాన్‌డియాగోలోని నౌకాదళ పరిశోధనశాలలోను పనిచేశారు. సముద్రపు కొలతలను ఎలా నమోదు చేయాలి, ఎలా సరిచూడాలి అనే దానిపై 1951లో ఆయన పుస్తకం వెలువడింది. జీవితమంతా రిజిస్టర్లు రాసి రిటైరైన నాకు ఆయన మీద గౌరవం కలగటానికి ఇదొక్కటి చాలు.

1952–53లో ఒకసారి, 1955–56లో మరోసారి ఆయన వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకు ఆచార్యులుగా వచ్చారు. అక్కడ భూగర్భ శాస్త్ర శాఖను నడుపుతున్నవారు కలమూర్ మహదేవన్ గారు. బంగాళాఖాతం గురించి అప్పటికి వివరంగా తెలిసింది తక్కువ. మన నౌకాదళపు ఓడల్లో విద్యార్థులను వెంటబెట్టుకుని బయలుదేరి, వేర్వేరు లోతుల్లో నీరు పట్టి, వేడిమి, ఉప్పు లెక్కగట్టారు. ఆ రోజుల్లో ఉప్పు తేల్చాలంటే ప్రతి సీసా నీటిలోను వెండి నైట్రేటు ద్రావణం చుక్కచుక్కగా పోసి చూడవలసిందే. ఎంత ఓపిక కావాలో ఊహించండి.

తేలిన సంగతి ఏమిటంటే, వేసవి ముందు నెలల్లో మన తీరాన అడుగునీరు పైకి వస్తుంది. అది చల్లన, ఉప్పన. వానాకాలం వెళ్లాక ఉత్తరాది నదుల నీరు తీరం వెంట దక్షిణానికి దిగి, పైనీరు పలచనవుతుంది. మహాసముద్రంలో వెయ్యి పాళ్లకు సుమారు 35 పాళ్లు ఉప్పు ఉంటే, ఆ రోజుల్లో ఇక్కడ 30కి లోపు పడిపోతుంది. భద్రాచలం దాటిన గోదావరి నీరు, కృష్ణలో కలిసిన మన మున్నేరు నీరు కూడా చివరికి చేరేది ఆ ఖాతంలోకే.

ఇప్పుడు కంప్యూటరు సంగతి. సముద్రం ఎలా కదులుతుందో లెక్కగట్టే కంప్యూటరు నమూనాలకు నీటి బరువు తెలియాలి. ఆ బరువు వేడిమితో పాటు ఉప్పును బట్టి కూడా ఉంటుంది. చాలాకాలం ఉప్పు కొలతలు అరుదు కనుక ఆ గడిలో పాత సగటు అంకె వేసి నడిపించేవారు. వేడిమి ఒక్కటే దిద్ది ఉప్పు దిద్దకపోతే బరువు తప్పుతుంది, బరువు తప్పితే ప్రవాహమూ తప్పుతుంది. ఖజానా లెక్కల్లో ఒక పద్దు సరిచేసి దాని జోడు పద్దు వదిలేసినట్టే.

మన ఖాతంలో ఈ తప్పు మరీ ముఖ్యం. పలచని నీరు పైన మూతలా పరుచుకుని, అడుగు చల్లదనాన్ని పైకి రానీయదు. తుపానుకు బలమిచ్చేది పైనీటి వేడిమి. అందుకే ఈ మూత మందం నమూనాకు తెలియాలి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఇటువంటి నమూనాలు మనకు లేవు. ఇప్పుడు ఆర్గో అనే తేలియాడే యంత్రాలు మామూలుగా పది రోజులకొకసారి 2000 మీటర్ల లోతునుంచి పైకి వస్తూ, నీటిలో విద్యుత్తు ఎంత తేలికగా పారుతుందో చూసి ఉప్పు లెక్క పంపుతాయి. 1999లో హైదరాబాదులో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ ఆ లెక్కలను నమూనాల్లోకి ఎక్కిస్తుంది. 2009 తరువాత ఉపగ్రహాలూ పైనీటి ఉప్పును చూస్తున్నాయి. తీరం దగ్గర, నదీ ముఖాల దగ్గర మాత్రం వాటి చూపు అంత చక్కగా ఆనదు. లాఫాండ్ గారు సీసాలు పట్టింది సరిగ్గా అటువంటి చోటనే.

ఆయన ఈ ఖాతాన్ని మరువలేదు. అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రలో భాగంగా 1963లో ఆంటన్ బ్రూన్ ఓడ మీద మళ్లీ వచ్చారు. తూర్పు తీరపు అడుగున ఉన్న మూడు లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టి, 1964లో ప్రకటించారు. మహదేవన్ గారు 1962లోనే కన్నుమూశారు.

లాఫాండ్ గారు 2002లో కాలం చేశారు. వర్ధమాన దేశాల సముద్ర శాస్త్రజ్ఞులకు ఆయన పేర ఒక అంతర్జాతీయ పతకం ఇస్తున్నారు.