వార్డు దాటి గడప దాకా

నిర్మల్‌లో ఆసుపత్రికెళ్తే ఓపీలో బీపీ చూసి, మాత్రలు ఎలా వేసుకోవాలో చెప్పే సిస్టర్ కనిపిస్తారు. వార్డు వదిలి ఓపీకొస్తే నేర్చుకున్న పని మరిచిపోతామేమోనని కొత్త నర్సులు కొందరు జంకుతారు. 26 ఏళ్లకే వార్డు దాటి చరిత్రలో నిలిచిన నర్సు లిలియన్ వాల్డ్.

1867లో అమెరికాలోని సిన్సినాటిలో పుట్టారు. 1891లో న్యూయార్క్ హాస్పిటల్‌లో నర్సింగ్ శిక్షణ ముగించారు. ఏడాదిపాటు పిల్లల ఆశ్రమంలో నర్సుగా చేసి, డాక్టరు చదువులో చేరారు. 1893లో వలస కుటుంబాల ఆడవాళ్లకు ఇంట్లో రోగిని చూసుకునే పద్ధతులు నేర్పుతుండగా, ఓ చిన్నారి వచ్చి తన తల్లి దగ్గరికి తీసుకెళ్లింది. కాన్పై రెండు రోజులు. మంచమంతా రక్తం. ఆ తల్లిని శుభ్రం చేసి, పక్క మార్చి వచ్చిన వాల్డ్ మళ్లీ కాలేజీకి వెళ్లలేదు.

తోటి నర్సు మేరీ బ్రూస్టర్‌తో కలిసి ఆ పేదల వాడకే మకాం మార్చారు. 1895లో హెన్రీ స్ట్రీట్‌లో కేంద్రం ఏర్పడింది. నర్సులు ఇంటింటికీ వెళ్లేవారు. ఇచ్చుకోగలిగినంతే ఫీజు. 1902లో లీనా రోజర్స్ అనే నర్సును బడులకు పంపారు. చర్మ, కంటి జబ్బులున్న పిల్లలకు బడిలోనే మందు రాసి, తల్లులకు జాగ్రత్తలు నేర్పడంతో గైర్హాజరు బాగా తగ్గింది. 1913 నాటికి 92 మంది నర్సులయ్యారు. వాల్డ్ 1940లో కన్నుమూశారు.

వార్డులో రోగి రోజంతా నర్సు కళ్లెదుటే ఉంటాడు. ఓపీలో దొరికేది కొద్ది నిమిషాలే, మిగతా వైద్యమంతా ఇంట్లోనే. అందుకే అక్కడ మాట కూడా మందే. ఈసారి ఓపీకెళ్తే పాత చీటీలు వెంట తీసుకెళ్లండి. అర్థం కానిది సిస్టర్‌ని అడిగాకే గడప దాటండి.