జోసయా విల్లర్డ్ గిబ్స్

జోసయా విల్లర్డ్ గిబ్స్ (ఫిబ్రవరి 11, 1839 - ఏప్రిల్ 28, 1903) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ భౌతిక, గణిత శాస్త్రవేత్త. ఉష్ణగతిక శాస్త్రాన్ని రసాయన శాస్త్రానికి అన్వయించి, పదార్థపు వేర్వేరు ప్రావస్థలు ఏ పరిస్థితులలో కలిసి ఉండగలవో తెలిపే ప్రావస్థా నియమాన్ని రూపొందించాడు.

బాల్యము, విద్య

గిబ్స్ కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్‌లో జన్మించాడు. తండ్రి పేరు కూడా జోసయా విల్లర్డ్ గిబ్సే. ఆయన యేల్‌ విద్యాసంస్థలో ఆచార్యుడు. అమిస్టాడ్ ఓడలోని ఆఫ్రికా బందీల కేసులో వారి భాష తెలిసిన దుబాసీని వెదకి తెచ్చింది ఆయనే. కుమారుడు 1858లో యేల్‌లో పట్టభద్రుడై, 1863లో పళ్ళచక్రాల పళ్ళ ఆకృతిపై సిద్ధాంత వ్యాసం సమర్పించి డాక్టరేటు పొందాడు. ఇంజనీరింగులో అమెరికాలో ఇచ్చిన మొదటి డాక్టరేటు ఇదే. 1866 నుండి 1869 వరకు పారిస్, బెర్లిన్, హైడెల్‌బర్గ్ నగరాలలో చదువుకున్నాడు.

వేతనం లేని ఉద్యోగము

1871లో యేల్‌లో గణిత భౌతిక శాస్త్ర ఆచార్యునిగా నియమితుడయ్యాడు. ఈ పదవికి వేతనం లేదు. తొమ్మిదేళ్ళు పిత్రార్జితంతోనే జీవించాడు. 1880లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం ఏడాదికి 3000 డాలర్ల వేతనంతో ఆహ్వానించగా, యేల్ 2000 డాలర్లు ఇస్తామన్నది. తక్కువ జీతమే అయినా గిబ్స్ స్వస్థలంలోనే ఉండిపోయాడు.

ప్రావస్థా నియమము

ఈయన ప్రధాన రచన 1875-1878 మధ్య కనెక్టికట్ అకాడమీ పత్రికలో సుమారు 300 పుటలలో వెలువడింది. ఆ పత్రిక చదివేవారు కొద్దిమంది, గణితం కఠినం, ఉదాహరణలు స్వల్పం. అందువలన రసాయన శాస్త్రజ్ఞులు చాలాకాలం దీనిని గుర్తించలేదు. అనుఘటకాల సంఖ్య నుండి ప్రావస్థల సంఖ్యను తీసివేసి 2 కలిపితే, స్వేచ్ఛగా మార్చగల రాశుల సంఖ్య వస్తుందని ఈ నియమం చెబుతుంది. పీడనాన్ని స్థిరంగా ఉంచితే 2కు బదులు 1 కలపాలి.

ఐరన్ ఆక్సైడ్లు ఇందుకు మంచి ఉదాహరణ. ఇక్కడ అనుఘటకాలు రెండు: ఇనుము, ఆక్సిజన్. స్థిర పీడనం వద్ద ఇనుము, వుస్టైట్, మాగ్నటైట్ మూడూ సమతాస్థితిలో కలిసి ఉండాలంటే 2 - 3 + 1 = 0, అనగా మార్చుటకు ఏమీ మిగలదు. ఆ కలయిక ఒకే ఉష్ణోగ్రత వద్ద, సుమారు 570 డిగ్రీల సెల్సియస్ వద్ద, సాధ్యం. అంతకన్న తక్కువ ఉష్ణోగ్రతలో వుస్టైట్ నిలకడ కోల్పోయి ఇనుముగా, మాగ్నటైటుగా విడిపోతుంది. అంతకన్న ఎక్కువ వేడిలో ఇనుమును గాలిలో కాలిస్తే లోపల వుస్టైట్, నడుమ మాగ్నటైట్, పైన హెమటైట్ పొరలుగా ఏర్పడతాయి.

ఉపరితలముల అధ్యయనము

అదే రచనలో గిబ్స్ ఉపరితలాలను కూడా చర్చించాడు. స్ఫటికపు ఒక్కొక్క ముఖానికి ఉపరితల శక్తి వేరుగా ఉంటుందనీ, మొత్తం ఉపరితల శక్తి కనిష్ఠమయ్యే ఆకారమే సమతాస్థితిలో నిలుస్తుందనీ చూపాడు. పరిసరాలలోని ఆక్సిజన్‌ను బట్టి ఆక్సైడ్ స్ఫటికపు పై పొరలో ఏ పరమాణువులు నిలుస్తాయో నేడు లెక్కించేది ఆయన ప్రవేశపెట్టిన రసాయన పొటెన్షియల్ ఆధారంగానే. హెమటైట్ ఉపరితలంపై రెండు ప్రావస్థలు చిన్న దీవుల వలె క్రమంగా అమరి ఉన్నట్లు 1995లో స్కానింగ్ టన్నెలింగ్ సూక్ష్మదర్శినితో పరిశీలించిన శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

గుర్తింపు

గిబ్స్ విలువను మొదట గ్రహించినవారిలో మాక్స్‌వెల్ ఒకడు. ఆయన గిబ్స్ వర్ణించిన ఉష్ణగతిక తలానికి స్వయంగా నమూనా చేసి, దాని ప్రతిని గిబ్స్‌కు పంపాడు. ప్రధాన రచనను 1892లో ఆస్ట్వాల్డ్ జర్మను భాషలోకి అనువదించాడు. డచ్చి శాస్త్రజ్ఞుడు రూజ్‌బూమ్ ప్రావస్థా నియమాన్ని ప్రయోగాలకు, మిశ్రమలోహాలకు అన్వయించి వ్యాప్తిలోకి తెచ్చాడు. 1901లో లండన్ రాయల్ సొసైటీ గిబ్స్‌కు కాప్లీ పతకం ప్రదానం చేసింది. 1902లో గణాంక యాంత్రిక శాస్త్రంపై ఈయన గ్రంథం వెలువడింది.

మరణము

గిబ్స్ అవివాహితుడు. సోదరి జూలియా కుటుంబంతో కలిసి తండ్రి కట్టిన ఇంటిలోనే నివసించాడు. 1903 ఏప్రిల్ 28న, 64వ ఏట, న్యూహేవెన్‌లోనే మరణించాడు. 2005లో అమెరికా ప్రభుత్వం ఈయన స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది.