వాచికాభినయ విదుషి కన్నాంబ

ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని అభినయాన్ని మన ఆలంకారికులు నాలుగు విధాలుగా విభజించినారు. వీనిలో ఆహార్యాన్ని వేషరచన చేసేవారు సమకూర్చగలరు. ముఖంలో మెదలే భావాన్ని ఛాయాగ్రాహకుడు దగ్గరగా చూపి పెద్దది చేయగలడు. వాచికం మాత్రం నటి కంఠం నుండియే రావలెను. పైగా తెలుగు టాకీల తొలిరోజులలో పాటకు వేరొక గాయని తోడు ఉండేది కాదు. పాట, పద్యం, మాట అన్నీ పాత్రధారిణియే పలుకవలసి ఉండేది. ఆ పరీక్షలో నిలిచి, సుమారు ముప్పది సంవత్సరాలు రెండు భాషల ప్రేక్షకుల మన్నన పొందిన నటీమణి పసుపులేటి కన్నాంబ.

ఆమె 1911లో కడపలో జన్మించినది. పెరిగినది ఏలూరులో. ఆ కాలంలో స్త్రీపాత్రలను పురుషులే ధరించడం నాటకరంగంలో రివాజు. స్థానం నరసింహారావు వంటి మహానటులు ఆ విద్యను పరాకాష్ఠకు చేర్చినారు. సురభివారి వంటి కుటుంబ సమాజాలను మినహాయిస్తే, స్త్రీలు రంగమెక్కడం అరుదు. ఎక్కినవారిని లోకం చులకనగా చూడడమూ కద్దు. అటువంటి రోజులలో కన్నాంబ చిన్నవయస్సులోనే నాటకాలలో ప్రవేశించి, హరిశ్చంద్ర నాటకంలోని చంద్రమతిగా పేరు గడించినది. రాగం తీస్తూనే పద్యంలోని పదం విరుగకుండ పలుకడం, చిట్టచివర కూర్చున్న శ్రోతకు సైతం ప్రత్యక్షరం స్పష్టంగా చేర్చడం ఆమెకు నాటకరంగం పెట్టిన భిక్ష. ఆమె భర్త కడారు నాగభూషణం కూడ నాటకప్రియుడే. ఆ దంపతులు సొంతంగా నాటక సమాజాన్ని నడిపినారు.

1935లో పి. పుల్లయ్య దర్శకత్వంలో వెలువడిన ‘హరిశ్చంద్ర’లో, అద్దంకి శ్రీరామమూర్తి సరసన చంద్రమతిగా ఆమె తెరపైకి వచ్చినది. మరుసటి సంవత్సరం ఒక విచిత్రమైన పోటీ జరిగినది. ద్రౌపది కథతోనే రెండు చిత్రాలు వచ్చినవి. ‘ద్రౌపదీ మానసంరక్షణం’లో బళ్ళారి రాఘవ దుర్యోధనుడు, సురభి కమలాబాయి ద్రౌపది. ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’లో యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు, కన్నాంబ ద్రౌపది. ప్రజలు రెండవదానికే పట్టం కట్టినారు. దీనులలో దీనురాలై విలపించిన చంద్రమతి కంఠమే, నిండుసభలో కురువృద్ధులను నిలదీయడానికి కూడ చాలినదని ఆ చిత్రం నిరూపించినది.

1938లో హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘గృహలక్ష్మి’ ఆమెకు సాంఘిక పాత్రను ఇచ్చినది. సోమరాజు రామానుజరావు ‘రంగూన్ రౌడీ’ నాటకం దానికి ఆధారం. భర్త పరస్త్రీ వ్యామోహంలో పడగా, నిలువనీడ కోల్పోయి మతి చలించిన ఇల్లాలి దుఃఖం ఇందులోని ప్రధానాంశం. ఇక్కడ కిరీటం లేదు, పురాణగాథ కల్పించే భక్తిభావమూ లేదు. మన పొరుగింటి స్త్రీ కష్టమే ఉన్నది. ‘చండిక’ (1940), ‘పల్నాటి యుద్ధం’ (1947) ఇందుకు భిన్నమైనవి. రెండవదానిలో నాయకురాలు నాగమ్మగా ఆమె రాజనీతినీ పౌరుషాన్నీ పలికించినది. కన్నీటి పాత్రలకే ఆమెను పరిమితం చేయడం పొరపాటని నాగమ్మయే సాక్ష్యం చెప్పును.

అయితే ఆమె సాధనకు అసలు గీటురాయి పరభాష. 1942లో జూపిటర్ వారు ‘శిలప్పదికారం’ కథను ‘కణ్ణగి’గా తీసినారు. తమిళులకు కణ్ణగి కేవలం కథానాయిక కాదు, ఆరాధ్యదేవత. పి.యు. చిన్నప్ప కోవలనుడు. ఇళంగోవన్ రచించిన సంభాషణలు ప్రౌఢమైన తమిళంలో ఉన్నవి. ఆ మాటలను కన్నాంబ తెలుగు లిపిలో వ్రాసుకొని అభ్యసించినదని ప్రసిద్ధి. నిరపరాధియైన భర్తను వధించిన పాండ్యరాజు కొలువులో అందె పగులగొట్టి న్యాయమడిగే ఘట్టంలో ఒక్క అక్షరం తడబడినా రసభంగమయ్యేది. తడబడలేదు. తెలుగు గడ్డపై పుట్టిన స్త్రీని తమిళులు తమ కణ్ణగిగా స్వీకరించినారు. వ్రాసుకొని వల్లించినంత మాత్రాన ఇది సాధ్యం కాదు. ప్రతి మాటకు అర్థమేమి, ఏ పదంపై ఊనిక ఉండవలెను, ఎక్కడ ఊపిరి తీసుకొనవలెను అన్న వివేకం ఉన్నవారికే ఇది దక్కును.

నాటకరంగపు ఉచ్చకంఠం చలనచిత్రానికి తగదని కొందరి ఆక్షేపణ. దానికి సమాధానం ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలోని ‘మనోహర’ (1954)లో దొరుకును. అందులో ఆమె పద్మావతి. శివాజీ గణేశన్ ఆమె కుమారుడు. రాజు వేరొక స్త్రీకి వశుడై తనను అవమానించినా, రాణి ఆగ్రహాన్ని దిగమ్రింగి కుమారుణ్ణి కూడ ఆజ్ఞతో బంధించి ఉంచును. కథ పొడవునా కంఠాన్ని అదుపులో ఉంచినందువల్లనే, తుదకు ఆ బంధాన్ని సడలించి కుమారుణ్ణి యుద్ధోన్ముఖుణ్ణి చేసే ఘట్టంలో ఆమె గర్జన ప్రేక్షకుణ్ణి కుదిపివేయును. ఎప్పుడు హెచ్చించవలెనో తెలిసినవారికి ఎప్పుడు తగ్గించవలెనో కూడ తెలియును. ‘తోడికోడళ్ళు’ (1957)లో ఉమ్మడి కుటుంబాన్ని ఓర్పుతో నెట్టుకువచ్చే పెద్దకోడలు అన్నపూర్ణ మాటలో రాణివాసపు ఠీవి కనబడదు.

భర్తతో కలిసి రాజరాజేశ్వరీ ఫిలిం కంపెనీ పక్షాన ‘తల్లిప్రేమ’ (1941), ‘సౌదామిని’ (1951), ‘దక్షయజ్ఞం’ (1962) మొదలైన చిత్రాలను ఆమె నిర్మించినది. వయస్సు పైబడినకొలది నాయిక పాత్రలు విడిచి తల్లి పాత్రలకు మారినది. ‘లవకుశ’ (1963)లో కౌసల్య ఆమెయే. 1964 మే నెలలో మద్రాసులో కన్నుమూసినది.

పద్యం చదువుమన్నప్పుడు తలవంచుకొని గొణిగే విద్యార్థులను మనం తరగతిలో నిత్యమూ చూచుచున్నాము. ఉచ్చారణ అలంకారప్రాయమని వారి భావన. పలుకు శుద్ధమైనప్పుడే భావం శ్రోత హృదయాన్ని చేరునని కన్నాంబ జీవితం తెలుపుచున్నది. ఆమె చిత్రాలలో ఏ ఒక్కదానినైనను కన్నులు మూసుకొని కొంతసేపు వినిన విద్యార్థికి, వాచికాభినయమంటే ఏమిటో వేరుగా బోధించనక్కరలేదు.