ఆచార్య గిల్బర్ట్ లూయిస్ జీవితచరిత్రము

మన పాఠశాలయందు రసాయనశాస్త్రము నభ్యసించు ప్రతి బాలుడును, ప్రతి బాలికయు నల్లబల్లపై మూలకముల గుర్తులను వ్రాసి, వాని చుట్టు చుక్కలు పెట్టుట నేర్చుకొనుచున్నారు. రెండు గుర్తుల నడుమ రెండు చుక్కలు పెట్టినచో అది బంధమని మేము చెప్పుదుము, పిల్లలు వ్రాసికొందురు, పరీక్షలో మార్కులు వచ్చును. అంతటితో ఆ చుక్కల కథ ముగియును. కాని ఆ చుక్కలను మొదట పెట్టిన మహనీయు డెవరు, అందులకై ఆయన యెన్ని యేండ్లు ఆలోచించెను, పిమ్మట ఆయనకు లభించిన దేమి, లభింపని దేమి యను సంగతులు పాఠ్యపుస్తకములలో సాధారణముగా కానరావు. అందుచేత ఈ సంవత్సరపు సంచికలో ఆచార్య గిల్బర్ట్ న్యూటన్ లూయిస్ చరిత్రమును మా చదువరులకు వినిపింప దలచితిమి.

లూయిస్ 1875 వ సంవత్సరము అక్టోబరు నెలలో అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మసాచుసెట్సునందు వేమౌత్ అను ఊర జన్మించెను. తండ్రి న్యాయవాది. 1884 లో ఆ కుటుంబము పడమటి దిక్కుననున్న నెబ్రాస్కా రాష్ట్రమునకు తరలిపోయి లింకన్ పట్టణమున కాపురముండెను. మూడేండ్ల ప్రాయముననే చదువ నేర్చెనని చెప్పబడు ఈ బాలుడు చిన్నతనమున బడికి పోయిన దినములు బహు కొద్ది. తల్లిదండ్రులే గురువులై ఇంటియొద్ద చదువు చెప్పిరి. నెబ్రాస్కా విశ్వవిద్యాలయమున రెండేండ్లు చదివిన పిమ్మట ఆయన 1893 లో హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరి, 1896 లో పట్టము పొందెను. తరువాత ఒక యేడు ఆండోవర్ పట్టణమునందలి ఒక పాఠశాలలో ఉపాధ్యాయుడుగా పనిచేసెను. బడిపంతుళ్ళమైన మాకు ఆ యొక్క యేడు ప్రత్యేకముగా ప్రీతికరమైనది. 1899 లో థియోడర్ రిచర్డ్స్ పండితునియొద్ద పరిశోధన ముగించి డాక్టరు బిరుదమును గైకొని, జర్మనీ దేశమునకు పోయి, లీప్జిగ్ నగరమున ఆస్ట్‌వాల్డ్ యొద్దను, గొట్టింగెన్ నగరమున నెర్న్‌స్ట్ యొద్దను విద్యను పెంపొందించుకొనెను.

హార్వర్డునకు తిరిగివచ్చి ఆయన రసాయనశాస్త్రమును బోధింప నారంభించెను. ఎలెక్ట్రాను అను ఋణవిద్యుత్కణము గలదని జె. జె. థామ్సన్ 1897 లో వెల్లడించి అప్పటికి ఐదేండ్లే గడచెను. మూలకముల వరుసలలో ఎనిమిది యను సంఖ్య మాటిమాటికి ఏల వచ్చుచున్నదో విద్యార్థులకు తెలియజెప్పుటకై 1902 లో లూయిస్ ఒక కాగితముపై చదరపు పెట్టెల బొమ్మలను గీసెను. పెట్టెకు మూలలు ఎనిమిది. పరమాణువు వెలుపలి పొరలోని ఎలెక్ట్రానులు ఆ మూలలయందు కూర్చున్నట్లు ఆయన చూపెను. సోడియమునకు ఒక్క మూలయే నిండి యుండును. క్లోరినుకు ఏడు నిండి ఒకటి వెలితిగా నుండును. సోడియము తన యెలెక్ట్రానును క్లోరినునకు ఇచ్చివేసినచో ఉప్పు ఏర్పడును. ఈ బొమ్మలు తరగతిగది కొఱకు గీసినవి. ఆయన వానిని అప్పుడు ప్రకటింపలేదు. పదునాలుగేండ్లు తనయొద్దనే యుంచుకొనెను.

ఈలోపున ఆయన జీవితము పలుచోట్ల గడచెను. 1904 లో ఫిలిప్పీన్ దీవులలోని మనీలా నగరమునకు పోయి తూనికలు కొలతల అధికారిగా కొంతకాలము పనిచేసెను. 1905 లో మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున చేరి ఏడేండ్లు పరిశోధనలు సాగించెను. 1912 లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు బర్క్లీ పట్టణమునందలి తమ రసాయన కళాశాలకు ఆయనను అధిపతిగా నియమించిరి. ఆ సంవత్సరమే ఆయన మేరీ షెల్డన్ అను కన్యను వివాహమాడెను. వారికి ఇద్దఱు కుమారులును ఒక కుమార్తెయు కలిగిరి. బర్క్లీయే ఆయనకు చివరివఱకు నివాసమయ్యెను.

ఇక ఆయన నంతకాలము వేధించిన ప్రశ్న యేదో చెప్పెదము. ఏబదియేండ్లకు పైగా రసాయనజ్ఞులు రెండు మూలకముల గుర్తుల నడుమ ఒక చిన్న గీత గీసి, ఇవి కూడియున్నవని సూచించుచు వచ్చిరి. ఆ గీత వలన ఎంతో మేలు కలిగెను గాని, ఆ గీత వాస్తవముగా ఏ వస్తువో ఎవరును చెప్పజాలకపోయిరి. ఉప్పు విషయములో ఒకటి ఇచ్చును, మఱియొకటి పుచ్చుకొనును, ఋణధన విద్యుత్తులు ఒండొంటిని ఆకర్షించును, ఇది తెలిసినదే. కాని ఉదజని వాయువు మాట యేమి? అందు రెండు పరమాణువులును ఉదజనియే. బలము సమానము, స్వభావము సమానము. వీనిలో ఇచ్చున దేది, పుచ్చుకొనున దేది? ఈ చిక్కు విడివడక 1913 లో లూయిస్ బంధములు రెండు వేర్వేఱు జాతులవి, ఒకటి ధ్రువజాతి, రెండవది అధ్రువజాతి యని తలచెను.

1916 లో అమెరికా రసాయన సంఘమువారి పత్రికలో ఆయన పరమాణువును, అణువును గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. అందు పై చిక్కు విడిపోయెను. ఇచ్చుటయు లేదు, పుచ్చుకొనుటయు లేదు. రెండు పరమాణువులును ఒక జత యెలెక్ట్రానులను పంచుకొనుచున్నవి. ఆ జతయే గీతకు అర్థము.

దీనిని మేము తరగతిలో ఒక యుపమానముతో చెప్పుచుందుము. మన పల్లెలలో ఇద్దఱు రైతుల చేలకు నడుమ గట్టున ఉమ్మడి నుయ్యి యుండును. మీ చేనికి నుయ్యి గలదా యని అడిగినచో ఇద్దఱును కలదనియే చెప్పుదురు. నుయ్యి ఒక్కటే, లెక్కలో మాత్రము ఇరువురికిని చేరును. అట్లే ఉదజని పరమాణువులు రెండును తమ ఒక్కొక్క యెలెక్ట్రానును ఉమ్మడిలో పెట్టి, ఆ రెంటిని ఎవరికివారు తమవిగా లెక్కించుకొనును. ఏడేసి యెలెక్ట్రానులు గల క్లోరిను పరమాణువులు రెండు ఒక జతను పంచుకొనగా ఒక్కొక్కదానికి ఎనిమిది నిండును. నత్రజని వాయువులో మూడు జతలు ఉమ్మడిగా నుండుటచే ఆ బంధము మిక్కిలి దృఢమైనది.

లూయిస్ ఇంతటితో ఆగలేదు. మూడేండ్ల క్రిందట తాను చెప్పిన మాటను తానే దిద్దుకొనెను. ధ్రువ బంధము, అధ్రువ బంధము రెండు జాతులు కావనియు, ఒకే బాట యొక్క రెండు కొనలనియు ఆయన గ్రహించెను. ఉమ్మడి నూతి యొద్ద ఒక రైతునకు బలమైన యెద్దులజతయు, మఱియొకనికి బక్కయెద్దులును ఉన్నచో, నుయ్యి ఉమ్మడియే యయినను నీరు ఒక చేనికే హెచ్చుగా పాఱును. ఉదజనియు క్లోరినును కూడినపుడు ఇట్లే జరుగును. క్లోరిను ఎలెక్ట్రానులను బలముగా లాగుకొనును గనుక, ఉమ్మడి జత ఆ వైపునకు ఒరగి యుండును. అందుచే క్లోరిను కొన కొంచెము ఋణముగను, ఉదజని కొన కొంచెము ధనముగను ఉండును. ఒక యెలెక్ట్రాను పూర్తిగా తరలిపోయినచో కలుగు విద్యుత్తులో సుమారు ఆఱింట నొకవంతు మాత్రమే ఆ కొనలయందు కానవచ్చును. ఇది ధ్రువ సమయోజనీయ బంధము. జత సరిగా నడుమనున్నచో అది అధ్రువ బంధము. పూర్తిగా ఒక వైపునకు పోయినచో ఉప్పువంటిది. ఉపమానము ఉపమానమే యని పిల్లలు మఱువరాదు. ఎలెక్ట్రానులు నూతినీరువలె నిలిచియుండునవి కావు. అయినను లెక్క సరిపోవును. తరువాత 1932 లో లైనస్ పౌలింగ్ పరమాణువుల యాకర్షణశక్తికి అంకెలను కట్టెను. నేడు వాడుకలోనున్న అంకెల ప్రకారము క్లోరినుకు 3.2, ఉదజనికి 2.2, సోడియమునకు 0.9. క్లోరినుకు క్లోరినుకు భేదము సున్న. ఉదజనికి క్లోరినుకు 1. సోడియమునకు క్లోరినుకు 2.3. అంకెలు పెరిగినకొలది జత ఒరుగును.

ఈ యొరుగుటలో అంత విశేష మేమని కొందఱు అడుగవచ్చును. మీథేను అణువు భారము 16, నీటి యణువు భారము 18. భారము ఇంచుమించు ఒకటే యయినను మీథేను సున్నకు దిగువ 161 డిగ్రీలకే మరిగి వాయువగును. నీరు 100 డిగ్రీలకు గాని మరుగదు. నీటియందు ఆమ్లజని యెలెక్ట్రానులను తన వైపు లాగుకొనుటయు, ఆ యణువు వంగియుండుటయు కారణములు. ఒక యణువు ధనపు కొన వేఱొక యణువు ఋణపు కొనను పట్టుకొని విడువదు. ఉప్పు నీటిలో కరగి కిరసనాయిలులో కరగకుండుటయు ఇందుచేతనే. బొగ్గుపులుసు వాయువులో బంధములు ధ్రువములే యయినను, రెండు ఆమ్లజనులు ఎదురెదురుగా లాగుటచే అణువు మొత్తముమీద అధ్రువమై యున్నది. జత ఒరుగకున్నచో నదులును సముద్రములును లేవు, మనమును లేము.

లూయిస్ యుద్ధకాలమున 1918 లో ఫ్రాన్సు దేశమునకు పోయి, విషవాయువులనుండి సైనికులను కాపాడు విద్యను నేర్పించెను. ఇంతలో 1919 లో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ అను ప్రసిద్ధ పండితుడు లూయిస్ భావమును విస్తరించి, సమయోజనీయతయను పేరు నిర్మించి, ఊరూర ఉపన్యసించెను. ఆయన వాక్చాతుర్యము గొప్పది. లూయిస్ సభలకు వెఱచువాడు. క్రమముగా ఆ సిద్ధాంతము ఇరువురి పేర్లతోను, కొన్నిచోట్ల లాంగ్‌మ్యూర్ పేరుతోనే చెల్లుబడి యయ్యెను. లాంగ్‌మ్యూర్ లూయిస్‌కు ఋణపడినట్లు ఒప్పుకొనకపోలేదు. అయినను లూయిస్ మనస్సు నొచ్చెను. పరమాణువులు పంచుకొను రీతిని లోకమునకు తెలిపిన యీ పండితునికి కీర్తిని పంచుకొనుట కష్టమయ్యెనని మేము దాచ నేల? జత ఒక వైపునకు ఒరిగెను, ఆయన బాధపడెను.

అయినను పని మానలేదు. 1923 లో సంయోజకతను గూర్చి యొక గ్రంథమును, మెర్ల్ రాండల్‌తో కలిసి ఉష్ణగతిశాస్త్రమును గూర్చి యొక గ్రంథమును ప్రకటించెను. ఆమ్లములు క్షారములు అనువానికి ఎలెక్ట్రాను జతనుబట్టి క్రొత్త నిర్వచనము చేసెను. కాంతికణమునకు ఫోటాను అను పేరు 1926 లో ఆయన వ్రాసిన లేఖ వలననే వ్యాప్తి చెందెను. 1933 లో ఇంచుమించు శుద్ధమైన భారజలమును మొదటిసారి వేఱుచేసెను. బర్క్లీలో వారమువారము జరుగు చర్చాసభలో క్రొత్తగా చేరిన విద్యార్థియు ఆచార్యుని నిర్భయముగా ప్రశ్నింపవచ్చును. పెద్ద పండితులు సయితము మొదటి తరగతులకు పాఠములు చెప్పవలెననుట అచటి నియమము.

నోబెల్ బహుమానమునకు ఆయన పేరు నలువది పర్యాయములకు పైగా సూచింపబడెను, ఒక్కసారియు రాలేదు. 1934 లో ఆ బహుమానము ఆయన పూర్వశిష్యుడైన హెరాల్డ్ యూరేకు లభించెను. ఆ సంవత్సరమే లూయిస్ జాతీయ విజ్ఞాన పరిషత్తు సభ్యత్వమును వదలుకొనెను. ఆయన కళాశాలలో పెరిగిన జియోక్‌కు 1949 లోను, సీబోర్గ్‌కు 1951 లోను, లిబ్బీకి 1960 లోను అదే బహుమానము వచ్చెను. 1939 లో పౌలింగ్ రసాయన బంధమును గూర్చి వ్రాసిన మహాగ్రంథమును లూయిస్‌కే అంకితమిచ్చెను.

1946 వ సంవత్సరము మార్చి 23 వ తేదీన లూయిస్ తన ప్రయోగశాలలో ద్రవరూపమైన హైడ్రోజన్ సయనైడుతో పరిశోధన చేయుచుండెను. అది విషపదార్థము, మిక్కిలి ధ్రువస్వభావము గలది. ఆనాడు ఆయన పనిబల్ల ప్రక్కనే మృతుడై కనబడెను. గుండె ఆగుటయే కారణమని నిర్ణయింపబడెను. ఆయన వయస్సు అప్పటికి 70 సంవత్సరములు.

విద్యార్థులారా, ఈ జీవితమునుండి మనము గ్రహింపవలసినది బహుమానముల పట్టిక కాదు. తరగతిలోని పిల్లలకు బోధపఱచుటకై గీసిన బొమ్మయే పదునాలుగేండ్లకు శాస్త్రమయ్యెను. తన పూర్వపు మాట సరికాదని తెలిసినపుడు ఆయన దానిని దిద్దుకొనెను. దిద్దుకొనినందుననే సత్యము దొరికెను. కీర్తి విషయమున ఆయన పొందిన దుఃఖము మనకును కలుగవచ్చును. కాని ఆ దుఃఖముతో ఆయన ప్రయోగశాల తలుపు మూసికొనలేదు. ఇకమీదట మీరు నల్లబల్లపై రెండు గుర్తుల నడుమ రెండు చుక్కలు పెట్టునపుడు, ఒక్క నిమిష మాగి, వానిని మొదట పెట్టిన వానిని తలచుకొనుడు. పిమ్మట ఆ జత నడుమ నున్నదో, ఒక ప్రక్కకు ఒరిగినదో చక్కగా ఆలోచించి మాకు చెప్పుడు.