పోస్నెట్ దొరగారి కరవు పని

కరవు పని అనగా ఏమో మన అనంతపురము జిల్లావారికి ఒకరు చెప్పనక్కరలేదు. మన తాతలు చెరువు కట్టలకు మన్ను మోసి, రోడ్లకు కంకర కొట్టి పిల్లలను బ్రదికించుకొనిరి. అటువంటి కరవు పనితో లేచిన దేవాలయము మెదకులో ఉన్నది.

చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు 1895లో సికింద్రాబాదుకు వచ్చి తెల్ల సిపాయిల మధ్య సువార్త సేవ చేసిరి. ఆయన మనస్సు పల్లెలమీదనే ఉండెను. కొద్దికాలమునకే నైజాము రాజ్యములోని మెదకు చేరిరి. అక్కడి గుడి మట్టిగోడల చిన్న ఇల్లు. తన బంగళాకంటె ప్రభువు మందిరము తక్కువగా ఉండుట ఆయనకు సహింపరానిదాయెనని పెద్దలు చెప్పుదురు.

1914లో పని ఆరంభమైనది. యూరపులో యుద్ధము, ఇక్కడ కరవు. ధర్మపు గింజలు తిన్నవానికి ఆకలి తీరునుగాని తల వంగిపోవును. దొరగారు పని చూపి కూలి ఇచ్చిరి. రాయి మోసినవారు తమ కష్టార్జితమునే తినిరి.

ప్రియులారా, నెహెమ్యా 5వ అధ్యాయము తీసి చూడుడి. అక్కడను గోడ కట్టుచుండగా కరవు. జనులు ధాన్యముకొరకు పొలములు కుదువపెట్టిరి, బిడ్డలను దాసులుగా అప్పగించిరి. మెదకులోనైతే గోడయే కూడు పెట్టినది.

1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగెను. పొడవు 200 అడుగులు, వెడల్పు 100. పల్లెకు అంత గుడి ఎందుకని అడుగవచ్చును. పని చిన్నదైతే కూలి ఎన్నాళ్లు దొరకును?

దొరగారు 1950లో ప్రభువునందు నిద్రించిరి. రంగుటద్దముల కిటికీలలో ప్రభువు జననము, సిలువ, ఆరోహణము ఉన్నవి. వెలుగు బయటనుండి పడినప్పుడే అవి కనబడును గనుక చూడగోరువారు పగటివేళనే పోవలెను.