నీళ్ల పంపు తర్వాత ఎనభై ఏళ్లు

హెలెన్ కెల్లర్ కథ చెప్పని సండే స్కూల్ టీచర్ మన సంఘాల్లో అరుదు. పసితనంలోనే చూపు, వినికిడి పోగొట్టుకున్న పాప, ఓపికగల టీచరమ్మ, పంపు ధార కింద ఒక చేయి, రెండో చేతిలో వేళ్లతో రాసిన ‘నీళ్లు’ అనే మాట. మేమూ ఆ కథను ఎన్నోసార్లు ప్రసంగాల్లో చెప్పాం. చెప్పి, అక్కడే ఆపేశాం. పంపు దగ్గర ఆ సంఘటన జరిగింది 1887 ఏప్రిల్‌లో. అప్పటికి ఆమెకు ఏడేళ్లు కూడా నిండలేదు. ఆమె కన్నుమూసింది 1968 జూన్ 1న. మధ్యలోని 81 ఏళ్లు ఆమె ఎక్కడ ఉంది? ఖర్చులు ఎలా గడిచాయి? ఎవరితో ఉండాలో, ఎలా బ్రతకాలో ఎవరు నిర్ణయించారు?

ఈ ప్రశ్నలు మాకు ఊరికే రాలేదు. కొన్నేళ్ల క్రితం ఒక విశ్వాసి ఇంటికి ప్రార్థనకు వెళ్లాం. ముప్పై ఏళ్లు దాటిన వాళ్లబ్బాయి చక్రాల కుర్చీలో మా ఎదుటే కూర్చుని ఉన్నాడు. అతడు ప్రభురాత్రి భోజనంలో పాలు పొందుతాడా అని మేము వాళ్లమ్మను అడిగాం. ఆ మాట తననే అడగవచ్చు కదా అని అతడే నెమ్మదిగా అన్నాడు. మేము సిగ్గుపడ్డాం. గేటు దాకా సాగనంపడానికి వచ్చిన తల్లి మాత్రం వేరే బాధ చెప్పుకుంది. తాము పోయాక ఈ బిడ్డను ఎవరు చూస్తారన్నదే ఆమె కన్నీరు. కొడుకు అడిగింది గౌరవం. తల్లి అడిగింది ఆసరా. ఈ రెండూ ఒకే ఇంట్లో ఇమడగలవా? హెలెన్ జీవితాన్ని మళ్లీ చదవడం మొదలుపెట్టింది అప్పుడే.

ఆమె అమెరికాలోని అలబామా రాష్ట్రం, టస్కంబియాలో 1880 జూన్ 27న పుట్టింది. పందొమ్మిది నెలల వయసులో వచ్చిన జబ్బు కళ్లనూ చెవులనూ తీసుకుపోయింది. ఆనీ సలివాన్ ఆ ఇంట అడుగుపెట్టే నాటికి ఆమె వయసు ఇరవయ్యే. ఆమె కూడా బీదల ఆశ్రమంలో పెరిగిన పిల్లే, ఆమె చూపూ అంతంతమాత్రమే. ఆ తర్వాతి చదువు సంగతి అందరికీ తెలిసిందే కనుక త్వరగా దాటిపోదాం. ఒక్క విషయం మాత్రం చెప్పాలి. 1897లో హెలెన్‌ను కాలేజీకి సిద్ధం చేస్తున్న పాఠశాల పెద్ద, ఆనీ ఆ పిల్లను చదువుతో మరీ అలసిపోయేలా చేస్తోందని భావించి, ఇద్దరినీ విడదీయాలని తల్లిని ఒప్పించాడు. పదిహేడేళ్ల హెలెన్ ససేమిరా అంది. తల్లి వచ్చి కూతురి పరిస్థితి కళ్లారా చూసి మనసు మార్చుకుంది. తనకు ఎవరు తోడుండాలన్నది తానే చెప్పుకున్న మొదటి సందర్భాల్లో అదొకటి. 1904లో ఆమె ర్యాడ్‌క్లిఫ్ కాలేజీ నుంచి ఆనర్స్‌తో పట్టా పుచ్చుకుంది.

అదే ఏడాది మసాచుసెట్స్‌లోని రెంథమ్ అనే ఊళ్లో ఏడెకరాల తోటతో ఉన్న పాత ఇల్లు కొనుక్కున్నారు. మా దృష్టిలో అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. 1905లో ఆనీ, జాన్ మేసీ అనే రచయితను పెళ్లి చేసుకుంది. ముగ్గురూ ఆ ఇంట్లోనే ఉన్నారు. హెలెన్‌కు ఒంటరిగా నడవడమంటే ఇష్టం. చూపు లేని మనిషిని అడవి దారిలో ఎలా వదిలిపెడతారు? మేసీ ఒక పని చేశాడు. చెట్టు నుంచి చెట్టుకు పావు మైలు పొడవునా తీగ కట్టాడు. ఆ తీగ పట్టుకుని ఆమె తనకు బుద్ధి పుట్టినప్పుడు వెళ్లి వచ్చేది. ఆమెను చేయి పట్టుకుని తిప్పడం అతనికి చేతకాక కాదు. తీగ కట్టడంలో ఉన్న ప్రేమ వేరు. సహాయం ఉంది, కాని సహాయం చేసేవాడు ప్రక్కన లేడు. దివ్యాంగులు సహాయంతోనే స్వతంత్రంగా జీవించడం గురించి నేడు నిపుణులు ఎంతో రాస్తున్నారు. మాకు మాత్రం ఆ తీగ చాలు.

పరిశుద్ధ గ్రంథంలో ఇలాంటి ఏర్పాటు ఒకటి ఉంది. రెండు కాళ్లూ కుంటివైన మెఫీబోషెతును దావీదు తన బల్ల దగ్గర కూర్చోబెట్టిన సంగతి మనకు ఇష్టమైన ప్రసంగాంశమే. అయితే 2 సమూయేలు 9వ అధ్యాయంలో బల్లతో పాటు భూమి కూడా ఉంది. తాత సౌలు పొలం అతనికే తిరిగి వచ్చింది. దాన్ని సేద్యం చేసి పంట తెచ్చే బాధ్యత సీబాకూ అతని పదిహేనుమంది కుమారులకూ ఇరవైమంది దాసులకూ అప్పగించబడింది. ఆస్తి ఇతనిది, శ్రమ వారిది. మంచి ఏర్పాటే. కాని 16, 19 అధ్యాయాలు చదివితే గుండె కలుక్కుమంటుంది. సీబా రాజు దగ్గరికి ఒంటరిగా వెళ్లి యజమాని పేరున తనకు తోచింది చెప్పాడు. కుంటివాడైన యజమాని తనంతట తాను కదలలేక ఇంట్లోనే ఉండిపోయాడని, సేవకుడు మోసం చేశాడని రాజుకు తెలిసేసరికి ఆలస్యమైపోయింది. సహాయకుడు యజమాని మాటను మోయాలి. తన మాటను యజమాని నోట పెట్టకూడదు. ఆనీ చాలావరకు మొదటి రకం మనిషి. ర్యాడ్‌క్లిఫ్ ప్రవేశ పరీక్షల్లో ఆమెను ప్రశ్నపత్రం చదివి వినిపించనివ్వలేదు. అయినా హెలెన్ గట్టెక్కింది. ఆ తలలో ఉన్నది హెలెన్ సొంత చదువేనని అక్కడ తేలిపోయింది.

అయితే ఒకే మనిషి మీద ఆనుకున్న జీవితం ఎంత బలహీనమో 1913లో తెలిసింది. ఇద్దరూ ఉపన్యాసాల కోసం మెయిన్ రాష్ట్రంలో తిరుగుతుండగా బాత్ అనే ఊరి హోటల్లో ఆనీ తీవ్రంగా జబ్బుపడింది. గదిలో టెలిఫోన్ ఉన్నా హెలెన్‌కు ఏం ప్రయోజనం? చివరకు ఎలాగో వైద్యుడు రావడం, ఇల్లు చేరడం జరిగాయి. అంతకుముందు ఆండ్రూ కార్నెగీ అనే కోటీశ్వరుడు పెన్షన్ ఇస్తానంటే హెలెన్ వద్దంది. తన కష్టంతో బ్రతకాలన్నది ఆమె పట్టుదల. బాత్ నుంచి వచ్చిన కొద్ది రోజులకే ఆయనకు ఉత్తరం రాసి, ఏటా 5 వేల డాలర్ల సహాయాన్ని స్వీకరించింది. మరుసటి ఏడాది పాలీ థామ్సన్ అనే స్కాట్లండ్ యువతి ఇంట్లో పనికి కుదిరింది. ఆ ఉత్తరాన్ని మేము ఓటమి అనుకోము. ఒకరి భారం ఒకరు భరించమని పౌలు గలతీయులకు రాశాడు. భారం భరించనివ్వడానికి కూడా విశ్వాసం కావాలి.

ఇక 1916. ఈ భాగం సండే స్కూల్లో చెప్పరు. ఆనీ అనారోగ్యంతో ఉండగా పీటర్ ఫేగన్ అనే యువ పాత్రికేయుడు కార్యదర్శిగా వచ్చాడు. చేతిలో అక్షరాలు రాయడం నేర్చుకున్నాడు. ఇద్దరూ ప్రేమించుకుని పెళ్లి చేసుకోవాలనుకున్నారు. బోస్టన్‌లో లైసెన్సుకు దరఖాస్తు చేసిన వార్త పత్రికకెక్కింది. తల్లి నిలదీసింది. భయంతో హెలెన్ అబద్ధమాడింది, అలాంటిదేమీ లేదంది. ఆమెను అలబామాలోని చెల్లెలి ఇంటికి తీసుకుపోయారు. ఫేగన్ అక్కడికీ వచ్చాడు. ఇంటివాళ్లు తుపాకీ చూపించి పంపేశారు. ఒక రాత్రి హెలెన్ సంచి సర్దుకుని వసారాలో ఎదురుచూసింది. అతడు రాలేదు.

అప్పటికి ఆమెకు 36 ఏళ్లు. కాలేజీ పట్టా ఉంది, పుస్తకాలు రాసింది, దేశమంతటా ఉపన్యసించింది. కాని ఒక ఇంటి ఇల్లాలు కావాలన్న నిర్ణయం మాత్రం ఆమెది కాకుండా పోయింది. తల్లి కేట్‌ను దుర్మార్గురాలనలేం. గేటు దగ్గర మాతో కన్నీళ్లు పెట్టుకున్న తల్లి భయమే ఆమెదీ. అయినా భయపడిన ప్రేమ సైతం ఒక మనిషి నోరు మూయించగలదు. మన సంఘాల్లో ఇలాంటి పెద్ద పిల్లలు ఎందరో ఉన్నారు. ఆరాధనకు తీసుకొస్తాం, తల నిమిరి ప్రార్థన చేస్తాం, వాళ్ల పెళ్లి మాట ఎత్తితే నవ్వుతాం. మేమూ నవ్వినవాళ్లమే.

హెలెన్‌ను పరిశుద్ధురాలిగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. 1915లో షికాగోలో తీవ్రమైన అంగవైకల్యంతో పుట్టిన శిశువుకు ఒక వైద్యుడు శస్త్రచికిత్స చేయనన్నాడు. శిశువు మరణించింది. హెలెన్ ఆ వైద్యుణ్ణి సమర్థిస్తూ రాసింది. ఎవరు బ్రతకదగినవారో వైద్యుల బృందం తేల్చాలని వాదించింది. తనలాంటి బిడ్డ గురించి లోకం చెప్పే తీర్పునే ఆమె వేరొక బిడ్డ మీద చెప్పింది. ఇది ఘోరమైన పొరపాటు. ప్రయోజకత్వాన్ని బట్టి ప్రాణానికి విలువ కట్టే ఆ కాలపు ఆలోచన ఆమెలోకీ చొరబడింది. దేవుని స్వరూపం మనిషి పనికివస్తాడా లేడా అన్నదాని మీద ఆధారపడదు. ఆమె విశ్వాసం గురించి కూడా నిజం చెప్పాలి. ఆమె స్వీడెన్‌బోర్గ్ బోధను అనుసరించింది, 1927లో ఆ సంగతి పుస్తకంగా రాసింది. త్రిత్వం విషయంలో ఆ బోధ మన సంఘాలు ఒప్పుకునేది కాదు.

1917లో రెంథమ్ ఇల్లు అమ్మి న్యూయార్క్‌కు మారారు. డబ్బు చాలక 1920 నుంచి నాలుగేళ్లు వినోద ప్రదర్శనల వేదికలెక్కారు. బంధుమిత్రులు కొందరికి అది నామోషీ అనిపించింది, హెలెన్‌కు మాత్రం సరదాగా ఉండేది. 1924 నుంచి అంధుల కోసం పనిచేసే అమెరికన్ ఫౌండేషన్‌లో చేరి జీవితాంతం దానికి పనిచేసింది. 1925లో లయన్స్ క్లబ్ మహాసభలో అంధుల పక్షాన నిలవమని అడిగింది. మన ఊళ్లలో లయన్స్ వారు పెట్టే కంటి శిబిరాల వెనుక ఆ విన్నపం ఉంది. 1935 నాటి అమెరికా సామాజిక భద్రతా చట్టంలో అంధులకు ఆర్థిక సహాయం చేరడానికి గొంతెత్తినవారిలో ఆమె ఒకరు. ఒక కోటీశ్వరుని దయ మీద బ్రతకడం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు కదా. దివ్యాంగులకు సమాజం మధ్యనే, తమకు నచ్చిన చోట జీవించే హక్కుందని చెప్పే ఐక్యరాజ్య సమితి ఒడంబడికను మన దేశం 2007లో ఆమోదించింది. 2016 చట్టమూ సమాజంలో జీవించే హక్కును గుర్తించింది. హక్కు కాగితం మీద వచ్చింది. తీగ కట్టే చేతులు మాత్రం ఇరుగుపొరుగు నుంచే రావాలి. మనం ‘హోమ్’ కట్టి, గోడ మీద దాతల పేర్లు చెక్కిస్తాం. అదే వీధిలో ఒక గది అద్దెకు ఇప్పించి, ఉదయం సాయంత్రం ఒక మనిషి వచ్చి వెళ్లేలా చూడటం ఎందుకో మనకు తట్టదు.

1936 అక్టోబర్‌లో ఆనీ మరణించింది. ఇక హెలెన్ పని అయిపోయిందనుకున్నవారున్నారు. మరుసటి ఏడాదే ఆమె పాలీతో జపాన్ వెళ్లింది. కనెక్టికట్‌లో కట్టుకున్న ఇల్లు 1946లో వాళ్లు యూరప్‌లో ఉండగా కాలిపోతే మళ్లీ కట్టుకున్నారు. 1955లో, 74 ఏళ్ల వయసులో, ఆసియా పర్యటనలో మన దేశానికీ వచ్చి నెహ్రూను కలిసింది. 1957లో పాలీకి పక్షవాతం వచ్చింది, 1960లో ఆమె కూడా వెళ్లిపోయింది. తోడున్నవారు మారారు, ఇల్లు మారలేదు. మరికొందరి చేతుల సాయంతో హెలెన్ కడదాకా ఆ ఇంట్లోనే ఉంది. 88వ పుట్టినరోజుకు కొద్ది వారాల ముందు ఆ ఇంట్లోనే నిద్రలో కన్నుమూసింది. ఆమె చితాభస్మాన్ని వాషింగ్టన్ నేషనల్ కెథెడ్రల్‌లో ఉంచారు. ఆనీ, పాలీల అస్థికలు కూడా అక్కడే, ఆమె ప్రక్కనే ఉన్నాయి.