పత్తిచేను నుంచి ఓటుపెట్టె దాకా

అమెరికాలో నల్లజాతివాళ్ల హక్కుల పోరాటం అనగానే మనకు మార్టిన్ లూథర్ కింగ్ పేరు గుర్తుకొస్తుంది. నేను ఈసారి మన గోడపత్రికలో ఆయన కాలంలోనే పోరాడిన ఒక పత్తి కూలీ గురించి రాస్తున్నాను. ఆమె పేరు ఫానీ లూ హేమర్. పెద్ద చదువులు చదవలేదు. కానీ ఆమె మాట్లాడుతుంటే దేశాధ్యక్షుడే కంగారుపడ్డాడు.

ఫానీ 1917 అక్టోబరు 6న మిసిసిపీ రాష్ట్రంలో పుట్టింది. ఇరవైమంది పిల్లల్లో ఆఖరుది. అమ్మానాన్నలు తెల్లదొరల భూమిని పాలుకు చేసేవాళ్లు. పండినదాంట్లో సగం దొరది. మిగతా సగంలోంచే విత్తనాల అప్పు, తిండి అప్పు కోసుకునేవాళ్లు. ఏడాది చివర లెక్క చూస్తే చేతికి ఏమీ మిగిలేది కాదు. ఫానీ ఆరేళ్లకే చేలో దిగింది. పోలియో వచ్చి కుంటుతూ నడిచేది. అయినా పదమూడేళ్లకే రోజుకు 200 పౌండ్లకు పైగా, అంటే 90 కిలోలకు మించి పత్తి ఏరేది. అది ఎంత పనో పత్తి ఏరినవాళ్లకే తెలుసు. ఒకసారి వాళ్ల నాన్న ఎలాగో కూడబెట్టి కంచరగాడిదలు కొంటే, ఎవరో మేతలో విషం కలిపి చంపేశారు. బతుకు మళ్లీ మొదటికొచ్చింది.

నల్లపిల్లల బడి పత్తి పనులు లేని కొద్ది నెలలే నడిచేది. పన్నెండేళ్లప్పుడు ఫానీ చదువు ఆగిపోయింది. అయితే వచ్చిన అక్షరాలను ఆమె వదల్లేదు. చదవడం, రాయడం వచ్చని తెలిసి 1944లో దొర ఆమెకు పత్తి లెక్కలు రాసే పని ఇచ్చాడు. ఆమె కథలో నాకు బాగా నచ్చింది ఇక్కడే. దొర కాంటా కూలీల పత్తిని తక్కువ చూపించేది. ఫానీ సరైన తూకపుగుండు ఒకటి దగ్గర పెట్టుకుని, దొర చూడనప్పుడు దాన్ని కాంటాకు తగిలించి కూలీలకు న్యాయమైన తూకం రాసేది. ఉద్యమంలోకి రాకముందే ఆమె చేసిన ఉద్యమం అది.

నల్లవాళ్లకు ఓటు కాగితం మీద ఎప్పుడో ఉంది. 1870లోనే రాజ్యాంగానికి 15వ సవరణ వచ్చింది. కానీ మిసిసిపీలో అడ్డంగా ఒక పరీక్ష పెట్టారు. రాష్ట్ర రాజ్యాంగంలో అధికారి చూపించిన భాగాన్ని చూసి రాసి, దాని అర్థం వివరించాలి. పాసా ఫెయిలా ఆ అధికారి ఇష్టం. ఇదీ దొర కాంటా లాంటిదే అన్నమాట.

1962 ఆగస్టులో రూల్‌విల్ అనే ఊళ్లో, చర్చిలో జరిగిన సభలో ఫానీ ఓటు సంగతి విన్నది. అప్పటికి ఆమెకు 44 ఏళ్లు. ఆగస్టు 31న మరో 17 మందితో కలిసి పాత బస్సెక్కి ఇండియనోలా పట్నం వెళ్లింది. పరీక్షలో ఫెయిల్ చేశారు. తిరుగుదారిలో పోలీసులు బస్సు ఆపి, బస్సు రంగు మరీ పసుపుగా ఉందని జరిమానా వేశారు! లోపల అందరూ భయపడుతుంటే ఫానీ పాట ఎత్తుకుంది. చందాలు వేసుకుని జరిమానా కట్టారు. ఇంటికొచ్చేసరికి దొర కబురు సిద్ధంగా ఉంది. దరఖాస్తు వెనక్కి తీసుకోవాలి, లేకపోతే భూమి వదిలిపోవాలి. పద్దెనిమిదేళ్లు పనిచేసిన చోటు నుంచి ఆ రాత్రే ఆమె బయటికొచ్చింది. కొన్ని రోజులకే ఆమె తలదాచుకున్న ఇంటిమీద తుపాకులు పేలాయి. ఆమె ఆ రోజు అక్కడ లేదు.

ఆమె మళ్లీ చదివి, డిసెంబరులో మళ్లీ పరీక్ష రాసింది. 1963 జనవరిలో పాసయింది. తీరా ఓటెయ్యబోతే రెండేళ్ల ఓటుపన్ను రసీదులు లేవన్నారు! ఆ పన్నూ కట్టింది. ఊరూరూ తిరిగి జనాన్ని నమోదు చేయించే పనిలో దిగింది. 1963 జూన్‌లో వినోనా బస్టాండులో ఆమెనూ తోటివాళ్లనూ అరెస్టు చేశారు. పోలీసులు జైల్లో ఉన్న నల్ల ఖైదీల చేతనే ఆమెను కొట్టించారు. మూత్రపిండం, ఒక కన్ను దెబ్బతిన్నాయి. కొట్టించినవాళ్లను కోర్టు వదిలేసింది.

1964 ఆగస్టు 22న అట్లాంటిక్ సిటీలో డెమోక్రటిక్ పార్టీ మహాసభ కమిటీ ముందు ఆమె ఇదంతా చెప్పింది. టీవీల్లో వస్తోంది. అధ్యక్షుడు జాన్సన్ జనం దృష్టి మళ్లించాలని అప్పటికప్పుడు విలేఖరుల సమావేశం పెట్టాడు. కానీ ఆ సాయంత్రం టీవీలు ఆమె మాటలను మళ్లీ చూపించాయి. దేశమంతా విన్నది. రెండు సీట్లు ఇస్తాం సర్దుకోండి అంటే ఆమె బృందం ఒప్పుకోలేదు. 1965లో ఓటుహక్కుల చట్టం వచ్చింది. ఆ పరీక్షలు పోయాయి. 1964లో మిసిసిపీలో ఓటు వయసున్న నల్లవాళ్లలో నూటికి ఏడుగురికి కూడా నమోదు లేదు. 1967 నాటికి నూటికి దాదాపు అరవైమంది అయ్యారు. 1968లో చికాగో మహాసభలో ఫానీ ప్రతినిధిగా కూర్చుంది.

ఓటొచ్చినా కడుపు నిండదని ఆమెకు తెలుసు. 1969లో చందాలతో 40 ఎకరాలు కొని సహకార వ్యవసాయం మొదలుపెట్టింది. పందుల బ్యాంకు కూడా నడిపింది. పేద కుటుంబానికి ఆడపందిని ఇస్తారు. అది ఈనాక కొన్ని పిల్లల్ని ఇంకో కుటుంబానికి ఇవ్వాలి. ఆ వ్యవసాయం అప్పులవల్ల ఎక్కువకాలం నిలవలేదు. ఫానీ 1977 మార్చి 14న క్యాన్సర్‌తో చనిపోయింది. 59 ఏళ్లే. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం తన అతిపెద్ద పౌరపురస్కారాన్ని ఆమె పేరున ఇచ్చింది.

మిత్రులారా, ఆమెకు బడిలో దొరికింది కొద్ది అక్షరాలే. వాటితోనే దొర కాంటా మోసం పట్టింది, రాష్ట్రం పెట్టిన పరీక్ష దాటింది. మనకు రోజూ బడి ఉంది. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు అమ్మానాన్నల ముందు ఎవరైనా కాగితం పెట్టి వేలిముద్ర వెయ్యమంటే, ముందు మనం చదివి వినిపిద్దాం. కాంటా దగ్గర మనమే నిలబడి అంకె చూద్దాం.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని